ఏ మహల్ మాది?

తెలంగాణలో ఎక్కడ ఏ గొడవ జరిగినా చివరికి మమ్మల్ని నిలబెట్టే బోను ఒక్కటే. "నిజాం వారసులు." భిక్నూరు బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే సాయిబు నిజాం వారసుడే. గాజుల మలారం నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే బూబమ్మ నిజాం వారసురాలే. దూది ఏకి పరుపులు కుట్టే లద్దాఫు, మేకలు కోసే ఖసాబు, ఉర్సుల్లో సాంబ్రాణి పొగ వేసే ఫకీరు అందరూ ఆ ఇంటివాళ్లే! ఇంతమంది వారసులున్న రాజు లోకంలో ఇంకొకడు ఉండడు. వారసులన్నాక ఆస్తి ఏదో దక్కాలి కదా. మాకు దక్కింది నింద. మరి మహళ్లు ఎవరికి దక్కాయి? ఇన్నాళ్లూ ఆ ప్రశ్న మేం గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడగాల్సి వచ్చింది. మా బంధువుల్లో ఒక ఇంట పెళ్లి కుదరబోతోంది, పెళ్లికూతురు చౌమహల్లాలో నిఖా కావాలంది.

ముందు ఆ మహల్ సంగతి చెప్పుకోవాలి.

చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు. అఫ్జల్ మహల్, అఫ్తాబ్ మహల్, మహతాబ్ మహల్, తహనియత్ మహల్. చార్మినార్ నుంచి లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటి పోతే ఖిల్వత్ వస్తుంది. 1750లో సలాబత్ జంగ్ కట్టడం మొదలుపెడితే, 1857 నుంచి 1869 దాకా ఏలిన అఫ్జలుద్దౌలా కాలానికి గాని పూర్తి కాలేదు. అంటే తాతలు మొదలుపెట్టిన గోడ మనవల దాకా లేస్తూనే ఉంది. ఆ వందేళ్లూ సున్నం నూరినవాళ్లు, గచ్చు పూసినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు ఎవరో ఏ రిజిస్టరులోనూ కనబడరు. దర్బారు హాలు ఖిల్వత్ ముబారక్‌లో బెల్జియం గాజు షాండ్లియర్లు 19 వేలాడుతున్నాయి. వాటి లెక్క మాత్రం పక్కాగా ఉంది.

ఇక్కడే నిజాములు గద్దెనెక్కారు. ఇక్కడే నజరానాలు అందుకున్నారు. పట్టాభిషేకం కూడా ఇక్కడే, 1967 ఏప్రిల్ 6న, ఉస్మాన్ అలీ ఖాన్ మనవడు ముకర్రం జాకు జరిగింది. అప్పటికి రాజ్యం పోయి పంతొమ్మిదేళ్లు. రాజభరణాలు 1971లో రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియా పోయి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు. మహళ్లకు తాళాలు పడ్డాయి. తగాదాలు కోర్టులకెక్కాయి. నలభై అయిదు ఎకరాల ఆవరణ కరిగి కరిగి పన్నెండు ఎకరాల దగ్గర ఆగింది. ఆయన మొదటి భార్య, టర్కీ ఆడపడుచు ఎస్రా తిరిగి వచ్చి మరమ్మత్తులు చేయించాక 2005లో మ్యూజియంగా తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో వాళ్ల అవార్డు వచ్చింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే శవాన్ని ఇక్కడికే తెచ్చారు. జనం వరుసకట్టి చూశారు. మా వైపు నుంచి పోయినవాళ్లలో చాలామందికి ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. అంటే మా వాళ్లు మా 'రాజు' ఇంటికి పోయింది మయ్యత్‌కు. షాదీకి ఎప్పుడూ పిలవలేదు మరి.

ఇప్పుడు ఆ ఆవరణను పెళ్లిళ్లకు, విందులకు అద్దెకిస్తున్నారు. పగలు మ్యూజియం, రాత్రి దావత్‌ఖానా. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన అమ్మాయిలను లాడ్ బజార్‌లో గాజులు తొడిగించి, మెహందీ పెట్టించి, ఆ రాత్రి చౌమహల్లాలో విందుకు కూర్చోబెట్టారు. ఫలక్‌నుమా కథ ఇంకా పైన. పైగా అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టుకున్న ఇల్లు అది. ఆయన నిజాం ఇంటి అల్లుడు. కట్టుకున్నవాడికి మిగలక ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. 2010 నుంచి తాజ్ వాళ్ల హోటల్. 2014 నవంబర్‌లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి అక్కడే జరిగింది. నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల మీద 2017లో అమెరికా అధ్యక్షుడి కూతురికి విందు పెట్టారు. ఇవన్నీ టీవీల్లో చూసి "నిజామీ షాన్" అని ఒక కొత్త మాట పుట్టింది. పెళ్లి ఏర్పాట్లు చేసే కంపెనీలు దాన్ని ఒక సరుకుగా అమ్ముతున్నాయి. షేర్వాణీలు, గుర్రాలు, తలపాగాలు పెట్టుకొని వరుసగా నిలబడే పనివాళ్లు, మర్ఫా వాయిద్యం అన్నీ ప్యాకేజీలో వస్తాయి.

మాకు అర్థం కానిది ఒకటుంది. షేర్వాణీ వేసుకొని షాదీ చేసుకుంటే షాన్. అదే షేర్వాణీ వేసుకొని మా ఉర్దూ పంతులు ఎన్నికల రోజు రోడ్డు మీదికొస్తే రజాకారు. బట్ట ఒకటే. తొడుక్కున్న ఒళ్లు వేరు!

రజాకార్ల మాట మేమే ఎత్తాం కనక దాన్ని దాటవేయం. రజాకార్లు చేసిన దుర్మార్గం దుర్మార్గమే. వాళ్లు చంపినవాళ్లలో 1948 ఆగస్టులో నరికేసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. భూమి కోసం దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి గెలిచి, 1940లో దొర మనుషుల చేతిలో చచ్చిపోయిన బందగీ కూడా సాయిబే. ఆయనది కామారెడ్డిగూడెం. మా కామారెడ్డి కాదు, జనగామ వైపు. ఆ సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యాలు దిగాక, తర్వాత, సంస్థానంలో చచ్చిపోయిన ముస్లింలు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదిక జనం చేతికి రావడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. చచ్చినవాళ్లు నవాబులు కారు. ఊళ్లల్లో చిన్నాచితకా నౌకర్లు, రైతులు, చేతివృత్తులవాళ్లు. నవాబుకు భరణం ఇచ్చి రాజ్‌ప్రముఖ్‌ను చేశారు. వారసత్వం పంచిన తీరు ఇది. పెద్దింటికి భరణం, పేదింటికి బరువు.

పెళ్లి సంగతికి వద్దాం.

పిల్ల హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. తండ్రి పదకొండేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చి, 44వ నంబరు రోడ్డు మీద టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. మా వైపు గల్ఫ్ పోని ఇల్లు వెతకాలి. అబ్బాయి తరఫువాళ్లు మంచివాళ్లే. "లేన్‌దేన్ ఏమీ వద్దు, షాదీ మాత్రం మేయారీగా చేయండి" అన్నారు. హైదరాబాద్‌లో సంబంధాలు చూసినవాళ్లకు ఈ మాట అర్థం చెప్పనక్కర్లేదు. జహేజ్ అడగడం ఐబు అని అందరికీ తెలిసింది. 1961 నుంచి చట్టం కూడా ఉంది. అందుకని జహేజ్ మాట మింగి 'మేయారీ షాదీ' అంటున్నారు. అంటే హాలు పెద్దది కావాలి, వంటకాలు పది కావాలి, స్టేజీ వెలగాలి. కొడుకువైపు చేతికి మట్టి అంటదు, కూతురువైపు ఇల్లు కుదువకు పోతుంది. నిఖా రోజు భోజనం పెట్టాల్సిన బాధ్యత షరియత్‌లో ఆడపిల్ల తండ్రి మీద లేదు. వలీమా అబ్బాయిది. మహర్ అబ్బాయిది. ఇదంతా మస్జిదుల్లో ప్రతి జుమ్మాకీ వింటాం. 'సియాసత్' పత్రిక వాళ్లు "ఒక ఖానా, ఒక మీఠా" చాలు అని ప్రచారం కూడా నడిపారు. విని, తలూపి, ఇంటికొచ్చి క్యాటరింగ్ వాడికి ఫోను చేస్తాం.

ఈ ఇంట మాత్రం మహల్ మాట అబ్బాయి తరఫు నుంచి రాలేదు, పిల్లే ఎత్తింది. పెద్దనాన్న కోప్పడ్డాడు. ఇంట్లో మాటలు దక్కనీలో నడిచాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

"అది దొరల కొంప బేటీ. మన దాదా పట్నంల హమాలీ జేసిండు. ఆ దర్వాజా బయటినుంచి చూసిండు తప్ప లోపట కూసోలే. మనకెందుకు?"

"అందుకే బడే అబ్బా," అంది పిల్ల. "బస్సుల తిట్టేటప్పుడు నిజాం పిల్లలు అంటరు. ఆఫీసుల నవ్వుకుంట నవాబ్ సాబ్ బిడ్డ అంటరు. తిట్లు పడ్డం గదా, ఒక్క రాత్రి ఆ ఇంట్ల కూసుంటే ఏమైతది?"

పెద్దాయన దగ్గర దానికి జవాబు లేదు. నిజం చెప్పాలంటే మా దగ్గరా లేదు. పిల్లది ఆడంబరం అని కొట్టేయడం సులువు. మా వ్యాసాల్లో మేం ఆ పనే చేస్తూ వచ్చాం. కానీ అందులో ఆడంబరం ఒక్కటే లేదు. ఆ పిల్ల పుట్టింది బాబ్రీ కూలిన తర్వాత. బడిలో, బస్సులో, అద్దె ఇళ్ల గుమ్మాల దగ్గర తన పేరు చెప్పుకొని ముఖం మారడం చూసింది. నింద వాటాకు వచ్చినప్పుడు అందం వాటాకు ఎందుకు రాకూడదని అడుగుతోంది. అది హక్కు అడగడమే.

కానీ హక్కుకు అద్దె కట్టాలి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

మ్యూజియంలో పెళ్లి అంటే ఏమిటో కాగితం మీద పెట్టి చూశాం. పాత గచ్చు గోడకు మేకు కొట్టకూడదు. పందిరి, దీపాలు, స్టేజీ అన్నీ గోడకు ఆనకుండా వాటి కాళ్ల మీద అవే నిలబడాలి. కట్టెల పొయ్యి మీద దేగ్‌లు ఎక్కించి బిర్యానీ దమ్ వేసుకుంటామంటే పొగకు గచ్చు నల్లబడుతుంది, కనక వంట బయటే చేయించి తేవాలి. చూడవచ్చే జనం సాయంత్రం బయటికి పోతే గాని పని మొదలుపెట్టడానికి లేదు, తెల్లారేలోపు మళ్లీ మ్యూజియం చేసి అప్పజెప్పాలి. చప్పుడు ఎక్కువైతే కష్టం, జనం ఎక్కువైతే కష్టం. ఇవన్నీ సబబైన షరతులే. ఆ కట్టడం బతకాలంటే అలాగే ఉండాలి. మ్యూజియం అంటే వాడుక ఆగిపోయిన ఇల్లు. మా పెళ్లి అంటేనేమో వాడుక తప్ప ఇంకోటి కాదు. వీధిలో దేగ్, గోడకు సీరియల్ లైట్లు, పిలవకుండానే వచ్చే ఊరు. భిక్నూరులో షాదీ అంటే సాయిబుల ఇళ్లే కాదు, మాదిగవాడ, గొల్లవాడ, కోమటింటి వాళ్లు వస్తారు. వాళ్లకు వేరే వంట చేయించి అవతల పెట్టిస్తాం. ఈ ఏర్పాటు ఏ ప్యాకేజీలో లేదు.

లెక్క చూశాం. ఆడపిల్ల పెళ్లికని తెలంగాణ సర్కారు 2014 అక్టోబర్ 2 నుంచి షాదీ ముబారక్ ఇస్తోంది. మొదట 51 వేలు, 2017లో 75,116, 2018లో 1,00,116 రూపాయలు చేశారు. పేదింటి పిల్లకు అది పెద్ద ఆసరా. అప్లికేషన్ పెట్టడానికి మీసేవ దగ్గర నిలబడ్డ తల్లులను మేం చూశాం. ఆ సొమ్ము చౌమహల్లాలో పువ్వుల అలంకరణకైనా సరిపోతుందో లేదో. ఒకే మతం, ఒకే కలిమా, ఒకే ఖుత్బా. ఒక నిఖా ఉర్దూ ఘర్ షాదీఖానాలో ప్లాస్టిక్ కుర్చీల మీద, ఒక నిఖా 19 షాండ్లియర్ల కింద. ముస్లింలంతా ఒకటే అనేవాళ్లు, బయటివాళ్లైనా మావాళ్లైనా, ఈ రెండు చోట్లా ఒక్కొక్క పూట కూర్చొని రావాలి.

తమాషా ఏమిటంటే ఆసఫ్‌జాహీల ఇంట అన్నిటికంటే పేరు మోసిన పెళ్లి ఏ మహల్‌లోనూ జరగలేదు. 1931 నవంబర్ 12న ఫ్రాన్స్‌లో, నీస్ పట్నంలో జరిగింది. పెళ్లికూతురు దుర్రుషెహ్వార్ తండ్రి ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దు చేసి ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టారు. పరాయి దేశంలో, నిజాం పంపే భరణంతో రోజులు గడుపుతున్న మనిషి తన కూతుర్ని ఆజం జాకూ, బంధువుల పిల్ల నీలోఫర్‌ను ముఅజ్జం జాకూ ఇచ్చి ఆ ఊళ్లోనే నిఖాలు చేశాడు. లోకం పత్రికలన్నీ ఫోటోలు వేశాయి. ఆ నీలోఫర్ పేరు మా ఆడవాళ్లకు బాగా తెలుసు, మహల్‌తో కాదు. పసిపిల్లకు సీరియస్ అయితే కామారెడ్డి నుంచి రాసిచ్చేది నీలోఫర్ ఆసుపత్రికే. రాజుల ఆస్తిలో మా చేతికి నిజంగా అందినదేదైనా ఉంటే ఆ ఆసుపత్రి వరండాలో పరుచుకున్న చాప.

మహల్ పట్నంలో ఉంది కనక ఇదంతా దూరం సంగతి అనుకోవద్దు. మా భిక్నూరు పక్క మండలంలోనే దోమకొండ గడి ఉంది. కామినేని వారి సంస్థానం. రాతి గోడ, కందకం, మహాదేవుడి గుడి, అద్దాల మేడ. పాడుబడ్డదాన్ని ఆ వంశంవాళ్లే ట్రస్టు పెట్టి బాగుచేయించారు. 2022లో దానికీ యునెస్కో అవార్డు వచ్చింది. మాకూ సంతోషమే, చుట్టాలొస్తే తీసుకుపోయి చూపిస్తాం. కానీ గడి అంటే ఏమిటో తెలంగాణలో ఎవర్నడిగినా చెబుతారు. దోమకొండ ఒక్కదాన్నే అనడం కాదు. గడీలలో పెళ్లి జరిగితే ఊరంతా వెట్టి చేసింది. గొల్లలు మేకలు, సాలెలు బట్టలు, కుమ్మరులు కుండలు ఊరికే ఇచ్చుకున్నారు. దొర బిడ్డ అత్తగారింటికి పోతే వెంట ఆడబాపలను పంపారు, సామాను పంపినట్టు. మరి ఈ రోజు భిక్నూరులో ఒక ముత్తరాసి రైతును, ఒక సాలె మనిషిని పట్టుకొని "నువ్వు దొర వారసుడివి, గడీలో జరిగినదానికి జవాబు చెప్పు" అని ఎవరైనా అడుగుతున్నారా? అడగరు, అడగకూడదు కూడా. దొరది దొర లెక్క, రైతుది రైతు లెక్క. ఈ చిన్న న్యాయం మా దగ్గరికొచ్చేసరికి ఎందుకు పనిచేయదు? దొర కింద దోమకొండ రైతు ఎట్లా బతికాడో నిజాం కింద భిక్నూరు లద్దాఫు అట్లాగే బతికాడు. గడి బాగుపడితే మన వారసత్వ సంపద అంటారు. చౌమహల్లా బాగుపడితే సంపద సర్కారుదీ టూరిస్టులదీ, వారసత్వం మాత్రం మాది!

మా పెళ్లి మాకు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకుంటే నవ్వొస్తుంది. మాంజాలో పిల్లకు పూసేది ఈ నేల పసుపే. జల్వా అయ్యాక మెడలో వేసే కాలీపోత్ లచ్ఛా అరబ్బు దేశంలో లేదు, ఇరాన్‌లో లేదు. నల్లపూసలు మేం పొరుగింటి నుంచే తెచ్చుకున్నాం. అది లేకుండా మా అమ్మలు పెళ్లయిందని ఒప్పుకోరు. మర్ఫా యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులదీ, ఆఫ్రికా నుంచి తెచ్చిన సిద్దీలదీ. నిజాం ఫౌజులో కాపలా కాసినవాళ్ల వాయిద్యం అది, నిజాంది కాదు. ఇక ఖాజీ సాబు మహర్ చదివేటప్పుడు రూపాయల లెక్క చెప్పి, "దో దీనారే సుర్ఖ్" అని కలుపుతాడు. రెండు ఎర్ర దీనార్లు. అంటే బంగారు నాణేలు. రేకుల ఇంట్లో జరిగే నిఖాలో కూడా ఆ మాట చదవడం మేం విన్నాం. ఆ దీనార్లు చూసిన పెళ్లికూతురు మా ఎరికలో ఒక్కతీ లేదు. మాట మాత్రం తరాలుగా వస్తోంది.

పురానీ హవేలీ మ్యూజియంలో మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా ఉంది. రెండంతస్తులది, 176 అడుగుల పొడవు. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదట. మా ఇళ్లలో ఒక జరీ ఖడా దుపట్టా ముగ్గురు అక్కచెల్లెళ్ల నిఖాలు చూసి, నాలుగో ఇంటికి ఎరువు పోతుంది. దాన్ని ఏ మ్యూజియంలోనూ పెట్టరు. దాని పని ఇంకా అయిపోలేదు.

పిల్ల పట్టు విడవలేదు, తండ్రి అవునని అనలేదు. చివరికి మాట పిలుపుల దగ్గరికి వచ్చింది. మహల్‌లో అయితే రెండు వందల మందికి మించి మోయలేనని తండ్రి అన్నాడు. భిక్నూరులో అయితే ఏడు వందలకు తగ్గరు. ఏ ఐదు వందల మందిని వదలాలి? పిల్ల కలం పట్టుకొని కూర్చుంది. ఆఫీసు స్నేహితుల పేర్లు ముందు రాసింది, తర్వాత కొట్టేసింది, మళ్లీ రాసింది. పుప్పమ్మ వంతు వచ్చింది. తండ్రి పెద్దక్క. ముప్పై ఏళ్లుగా మలారం మోసింది. నెలకోసారి రైల్లో పట్నం పోయి లాడ్ బజార్‌లో సరుకు తెచ్చుకునేది. ఎండవేళ ఆ మహల్ గోడ నీడకు కూర్చొని రొట్టె తినేదట. అది ఎవరి గోడో ఎన్నడూ అడగలేదు.

"ఆ గోడ లోపటనా షాదీ?" అంది పుప్పమ్మ. "అయితే గాజులు నేనే తెస్త. మలారం లోపటికి రానిస్తరా, బయట్నే దించాల్నా, అది అడుగున్రి ముందుగాల."